నల్లపిల్లిని ఫొటో తీయాలంటే

నల్లపిల్లిని ఫొటో తీయడం మొదలుపెట్టాక తెలిసింది, కెమెరాకూ పట్టింపులుంటాయని. ఎదుట ఏమున్నా అది మధ్యరకం బూడిదరంగే అనుకుని వెలుతురు లెక్కగడుతుంది. నల్లపిల్లి తెర నిండా కూర్చుంటే, చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది. అప్పుడు మా నల్లపిల్లి కాటుక, పొయ్యిలో పొర్లాడి వచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ఫోన్ తెర మీద దాని కంటి దగ్గర వేలు పెట్టి, వెలుతురును కొంచెం కిందికి లాగాలి. కిటికీ పక్కన, వెలుగు ఒకవైపు నుంచే పడుతుంటే బొచ్చు నిగ్గు బాగా పలుకుతుంది. ఫ్లాష్ మాత్రం వద్దు. కంట్లో రెటీనా వెనకున్న పొర ఆ వెలుగును తిప్పికొట్టి, చీకట్లో రెండు మెరిసే గోళాలే మిగులుస్తుంది. దెయ్యం కథలకు ఆ గోళాలే పెట్టుబడి అని నా అనుమానం.

ఏటవాలు ఎండలో చూస్తే కాటుక అంత నలుపేమీ కాదు. వీపు మీద ఎర్రమట్టి ఛాయ, తోక మీద లీలగా చారలు. పిల్లుల నలుపుకు కారణం ఒక జన్యువులో రెండంటే రెండు అక్షరాలు ఊడిపోవడమని 2003లో శాస్త్రవేత్తలు తేల్చారు. చారలు మాత్రం పూర్తిగా పోవు, నలుపు కింద దాగుంటాయి.

కర్ణాటకలోని కబిని అడవిలో నల్లచిరుత ఒంటి మీదా ఇంతే, వెలుగు సరిగ్గా పడితే మచ్చలు బయటపడతాయి. ఆ చిరుత తమ జీపుకు అడ్డంగా ఒక్కసారి నడవాలని జనం బోలెడు డబ్బు పోసి, రోజుల తరబడి కాచుకుంటారు. చెట్టంత కెమెరాలు, ఊపిరి బిగబట్టడాలు! అదే నలుపు వీధిలో అడ్డమొస్తే బండి ఆపేస్తాం. 'పిల్లి శాపాలకు ఉట్లు తెగవు' అని సామెత చెప్పిన నోటితోనే, పిల్లి ఎదురైంది, పని చెడిందంటాం. బ్రిటన్‌లో, జపాన్‌లో నల్లపిల్లిని అదృష్టమనే వాళ్లూ ఉన్నారు. నాకు అదీ ఎక్కదు, దాని మీద మన ఆశలెందుకు? బెంగాలీల షష్ఠీ వ్రతకథ నయం. అందులో చిన్నకోడలు తిండి దొంగిలించి తినేసి, నేరం నల్లపిల్లి మీదికి నెడుతుంది. అది షష్ఠీదేవి వాహనం. నింద మోపినందుకు కోడలి బిడ్డల్నే ఎత్తుకుపోతుంది. పిల్లి వైపు నుంచి చెప్పిన కథ అని దాని మీద నాకు అభిమానం.

పక్కవాటా పిన్నిగారు కాటుక అడ్డమొస్తే వెనక్కెళ్లి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతారు. మొన్న ఆవిడకు కిటికీ దగ్గర తీసిన ఫొటో చూపించాను.

"ఇది మన మెట్ల మీద తిరిగేదేనా బాబూ? ఎంత ముద్దుగా ఉందో! మా మనవడికి పంపవూ?"

పంపాను. మర్నాడు కాటుక మళ్లీ ఎదురొచ్చింది. పిన్నిగారు వెనక్కెళ్లి మంచినీళ్లు తాగాకే బజారుకు కదిలారు. ఎండలు ముదిరాయి కదా, తాగితే మంచిదేలెమ్మని నేనూ ఏమీ అనలేదు.