పాతబండి పరీక్షకుడు

1970లో ఇంగ్లండున వెలువడి, 1992లో ఉక్కు స్ప్రింగులకు మారుగా గాలితిత్తుల సస్పెన్షనును సంతరించుకొనిన రేంజ్ రోవరు, మరమ్మతుల కారణమున చౌకగా అమ్మకమునకు వచ్చినపుడు, కొనవచ్చునో కూడదో తేల్చిచెప్పగల విజయవాడ ఆటోనగరు మెకానిక్కు విద్య, నా దృష్టిలో, వైద్యుని నాడీజ్ఞానమునకు తీసిపోనిది.

రంగు మెరుగులను అతడు లెక్కసేయడు. రాత్రంతయు సమతలమున నిలిపిన బండి తెల్లవారునప్పటికి ఏ మూల క్రుంగినదో పరికించి, తిత్తి చిల్లిపడినదని గ్రహించును. ఆ చిల్లిని ఉపేక్షించినచో ఎడతెగక గాలి నింపి నింపి కంప్రెసరు చెడునని హెచ్చరించును. పిదప చల్లని ఇంజనుపై ఆయిలు మూత విప్పి, తెల్లని జిగురు కనబడినచో తొందరపడక, అది కూలెంటు కలియుటచేతనా, చిరుప్రయాణముల తేమచేతనా యని డిప్‌స్టిక్కు తీసి విచారించును.

తిత్తి లోపమైనచో బేరమాడుమనును. ఇంజను లోపమైనచో వలదనును. కొనదలచినవారు బయానా ఇచ్చుటకు ముందే, అతని కూలి చెల్లించి, బండిని చూపించుకొనుడు.