బస్తాకు ఎన్ని నీళ్లు?

స్లాబు వేసే రోజు మధ్యాహ్నానికి ఎండ ముదురుతుంది. మాలు గట్టిగా వస్తోందనీ, సర్దడానికి లొంగడం లేదనీ పైనుంచి కేక వినిపిస్తుంది. మిక్సర్ దగ్గరున్నవాళ్లు ఇంకో బకెట్ నీళ్లు పోస్తారు. మాలు జారుగా అవుతుంది, పని చకచకా సాగుతుంది, చీకటి పడేలోగా స్లాబు పూర్తవుతుంది. ఆ బకెట్ నీళ్ల ఖరీదు ఆ పూట ఎవరికీ కనపడదు. 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్లు పోస్తే నీటి బరువు సిమెంటు బరువులో సగం. ఇంకో పది లీటర్లు పోస్తే ఆ లెక్క 0.7కు చేరుతుంది. సిమెంటు తనకు కావలసినంత తీసుకోగా మిగిలిన నీరు మెల్లగా ఆరిపోతుంది, అది ఉన్నచోట కంటికి కనపడనంత సన్నటి రంధ్రాలు మిగులుతాయి. వాటి గుండా గాలీ తేమా రాడ్ల దాకా చేరతాయి. రాడ్డుకు తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బితే కాంక్రీటును పగలగొడుతుంది, కొన్నేళ్లకు సీలింగు నుంచి పెచ్చులు రాలతాయి. నీళ్లు పెరిగేకొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుందని డఫ్ ఏబ్రమ్స్ అనే అమెరికన్ ఇంజినీరు 1918లోనే ప్రయోగాలతో చూపించాడు. ఇంజినీరింగ్ కాలేజీలో మొదట్లోనే చెప్పే ఈ సంగతి, వందేళ్లు దాటినా, బకెట్ పట్టుకున్న మనిషి దాకా ఎందుకు రాలేదు? పెద్దవాళ్లకు వృత్తి శిక్షణ గురించి మాట్లాడాలంటే ఈ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి.

మన దగ్గర తాపీ పని నేర్చుకునే దారి అందరికీ తెలిసిందే. కూలీగా చేరాలి, తట్ట మోయాలి, మాలు కలపాలి, ఇటుక అందించాలి. మేస్త్రీ చేతి వాటాన్ని చూస్తూ చూస్తూ ఒకనాడు తాపీ పట్టాలి. ఈ బడిని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు తూకం గుండు వేలాడదీసి, దారం కట్టి, వరుస మీద వరుసగా నిలువెత్తు గోడను ఒక్క వంకర లేకుండా లేపే మనిషిని దగ్గర నిలబడి చూడాలి. 2015 నాటి జాతీయ నైపుణ్య విధాన పత్రం మన దేశంలో పనివాళ్లలో 4.69 శాతం మందికే పద్ధతి ప్రకారం శిక్షణ ఉందనీ, అదే జర్మనీలో 75 శాతం, దక్షిణ కొరియాలో 96 శాతం ఉందనీ రాసింది. ఆ అంకెను చూసి మిగిలిన 95 మందికీ పని రాదని అనుకుంటే పొరపాటు. అది కాగితం ఉన్నవాళ్ల లెక్క. కాగితం లేని ఆ 95 మందే ఈ దేశపు ఇళ్లు కట్టారు. పాలమూరు కూలీలు దేశంలో ఎక్కడెక్కడికో వెళ్లి ఆనకట్టలకూ కాలువలకూ చెమటోడ్చారు. వాళ్లలో ఎంతమంది చేతిలో సర్టిఫికెట్ ఉంది?

మేస్త్రీ బడి 'ఎలా' అన్నది నేర్పుతుంది. 'ఎందుకు' అన్నది నేర్పడం దానికి అలవాటు లేదు, ఎందుకంటే మేస్త్రీకీ ఎవరూ చెప్పలేదు. సెంట్రింగ్ మీద రాడ్లు కట్టాక వాటి కింద కవర్ బ్లాకులు పెట్టాలని చాలామందికి తెలుసు. అవి దొరక్కపోతే ఒక కంకర రాయి తోసి సరిపెడతారు. నాలుగు అడుగులు పడగానే ఆ రాయి పక్కకు దొర్లుతుంది, రాడ్డు సెంట్రింగ్ పలకను తాకుతుంది. ఆ బ్లాకు రాడ్డుకు తొడిగే కాంక్రీటు చొక్కా కొలత అనీ, తడి తగలని చోట స్లాబుకు కూడా కనీసం 20 మిల్లీమీటర్లు ఉండాలనీ, అది తగ్గితే తుప్పుకు తలుపు తెరిచినట్టేననీ ఒక్కసారి విడమరిచి చెబితే ఆ మనిషి మళ్లీ రాయి పెట్టడు. క్యూరింగ్ సంగతీ అంతే. రెండు రోజులు నీళ్లు కొట్టి, పైన ఆరినట్టు కనపడగానే గట్టిపడిందని వదిలేస్తారు. ఐఎస్ 456 ప్రమాణం మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, ఎండ దంచే పొడి వాతావరణంలో పది రోజులకు తగ్గకుండా తడిపి ఉంచమంటుంది. కాంక్రీటు ఎండితే గట్టిపడదు, తడిగా ఉన్నంతకాలం గట్టిపడుతుంది అన్న ఒక్క మాట కంటితో చూసినదానికి పూర్తిగా ఎదురు. అందుకే దాన్ని చూసి నేర్చుకోవడం కుదరదు, ఎవరో ఒకరు చెప్పాలి. పిల్లర్ రింగుల కొనలను 90 డిగ్రీలకు వంచి వదిలేయకుండా 135 డిగ్రీలకు లోపలికి ఎందుకు వంచాలన్నదీ అలాంటిదే. భూమి కంపించిన రోజున తప్ప ఆ తేడా బయటపడదు. పొరపాటు జరిగిన చాలా ఏళ్లకు ఫలితం కనపడే పనిలో అనుభవం ఒక్కటే గురువు కాలేదు. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే: పెద్దవాళ్లకు ఇచ్చే శిక్షణ చేతికి తెలిసిన పనికి కారణం జోడించాలి, ఆ కారణానికి కూలిలో విలువ కట్టాలి. ఈ రెండూ లేని కోర్సు ఎన్ని సర్టిఫికెట్లు పంచినా ఇల్లు నిలబెట్టదు.

ఈ కొలబద్దతో చూస్తే మన ఏర్పాట్లలో లోటు ఎక్కడుందో తెలుస్తుంది. ఐటీఐల వెనకున్న పథకం 1950లో మొదలైంది, అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చింది. రెండూ మంచివే, కానీ అవి ఎనిమిదో పదో తరగతి దాటిన కుర్రవాళ్లను మనసులో పెట్టుకుని రూపుదిద్దుకున్నాయి. ముప్పై అయిదేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల ఫీజులు కట్టాల్సినవాడు, ఏడాది పాటు బెంచీ మీద కూర్చోలేడు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన ముందునుంచీ పని వచ్చినవాళ్ల నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తించే పద్ధతిని చేర్చింది. ఆ ఆలోచన గౌరవించదగ్గది. తాపీ పట్టి ఇరవై ఏళ్లయినవాడిని మొదటి పాఠం నుంచి మొదలుపెట్టమనడం అవమానం. అయితే ఉన్న పనిని గుర్తించి కాగితం ఇచ్చి పంపేస్తే, లేని కారణం లేనట్టే ఉంటుంది. నా దృష్టిలో వీటన్నిటికన్నా సరైన నమూనా గ్రామీణ ఆవాస్ పథకం కింద మేస్త్రీలకు ఇచ్చే 45 రోజుల శిక్షణ. అందులో నేర్చుకునేవాళ్లు లబ్ధిదారు ఇంటినే పునాది నుంచి కడుతూ నేర్చుకుంటారు. అక్కడ నల్లబల్ల మీద గీసిన గోడ ఉండదు, రేపు ఒక కుటుంబం కాపురం చేయబోయే గోడ ఉంటుంది. ఈ పద్ధతి పెద్దవాళ్ల మనసుకు సరిపోతుంది. చేతిలో పని ఉండగా చెప్పిన కారణమే వాళ్లకు గుర్తుంటుంది.

చదువు రానివాళ్లకు ఇవన్నీ ఎక్కుతాయా అని కొందరి అనుమానం. ఎత్తుకూ పొడవుకూ వాలు లెక్కగట్టి మెట్లు పోసేవాడు, మూడు, నాలుగు, అయిదు అడుగుల దారంతో పునాది మూల లంబంగా పెట్టేవాడు లెక్క రానివాడు కాడు, అక్షరం రానివాడు మాత్రమే. అతనికి ఒకే ఇసుక, ఒకే కంకర, ఒకే సిమెంటుతో రెండు దిమ్మెలు పోయించాలి. ఒకదానికి 25 లీటర్ల లెక్కన, రెండోదానికి 35 లీటర్ల లెక్కన నీళ్లు పోయాలి. 28 రోజుల తర్వాత రెండింటినీ యంత్రం కింద పెట్టి నలగ్గొడితే ఏది ముందు చిట్లుతుందో అతను కళ్లారా చూస్తాడు. ఆ తర్వాత అతనికి పుస్తకం అక్కర్లేదు, అతనే పదిమందికి చెబుతాడు.

అసలు అడ్డంకి తెలివి కాదు, కూలి. రోజు కూలి మీద బతికేవాడికి శిక్షణ ఉచితం అనే మాటకు అర్థం లేదు. శిక్షణకు వెళ్లిన ప్రతి రోజూ ఆ రోజు సంపాదన అతను కట్టే ఫీజే. ప్రభుత్వాలు ఈ సంగతి కొంతవరకు ఒప్పుకున్నాయి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో తాపీ మేస్త్రీలతో కలిపి 18 వృత్తులవాళ్లకు శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తామన్నారు. కానీ పట్టణంలో తాపీ మేస్త్రీ రోజు కూలి 500 కన్నా ఎక్కువే. అయిదారు రోజుల శిక్షణలో ఆ తేడాను భరించేది ఎవరు? హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ నడిపిన కార్యక్రమాల్లో నమోదైన కార్మికులకు పని జరిగే చోటే నేర్పి, పోయిన కూలికి పరిహారం ఇచ్చే పద్ధతి ఒకటుంది. దారి అదే. పరిహారం ఆ రోజు మార్కెట్ కూలికి సమానంగా ఉండాలన్నదొక్కటే నేను దానికి చేర్చే మాట.

ఆడవాళ్ల సంగతి వచ్చేసరికి ఈ వాదన ఇంకా బలపడుతుంది. కూలీగా చేరిన మగపిల్లవాడు అయిదారేళ్లకు తాపీ పట్టొచ్చు. అదే రోజు అదే పనిలో చేరిన ఆడమనిషి పాతికేళ్ల తర్వాత కూడా తట్టే మోస్తూ ఉంటుంది. మేస్త్రీ బడిలో ఆమెకు పై తరగతి లేదు. పని నేర్పే హక్కు మేస్త్రీ ఇష్టానికి వదిలేసినంతకాలం ఇది మారదు. బయటినుంచి వచ్చే శిక్షణ ఒక్కటే ఆమెకు నిచ్చెన. జార్ఖండ్‌లో స్వచ్ఛ భారత్ మరుగుదొడ్లు కట్టడానికి మేస్త్రీలు చాలనప్పుడు వేలమంది ఆడవాళ్లకు తాపీ పని నేర్పారు, వాళ్లను ఇవాళ రాణీ మిస్త్రీలు అంటారు. ఆడవాళ్ల చేతికి తాపీ ఇమడదన్న మాటకు అంతకన్నా జవాబు అక్కర్లేదు.

శిక్షణ ఇస్తే పనివాడు రేపే ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోతాడు, మేమెందుకు ఖర్చుపెట్టాలి అని కాంట్రాక్టర్లు అడుగుతారు. ఇందులో న్యాయం ఉంది. భవన నిర్మాణంలో పనివాడు ఒక చోట నిలవడు, పని అయిపోతే ఇంకో ఊరు, ఇంకో మేస్త్రీ. కాబట్టి ఏ ఒక్క కాంట్రాక్టరూ నేర్పడు, అందరికీ నష్టం జరుగుతుంది. అందరికీ లాభం చేసే పనికి అందరూ కలిసి డబ్బు పెట్టాలి. బ్రిటన్ 1964లోనే పారిశ్రామిక శిక్షణ చట్టం చేసి నిర్మాణ సంస్థల నుంచి సుంకం వసూలు చేసి ఆ నిధితో నేర్పడం మొదలుపెట్టింది. మనకూ అలాంటి నిధి ఉంది. 1996లో వచ్చిన చట్టాల కింద నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సుగా కార్మికుల సంక్షేమ నిధికి చేరుతూ వచ్చింది. 37,400 కోట్ల రూపాయలకు పైగా వసూలైతే అందులో సుమారు 9,500 కోట్లే ఖర్చయ్యాయని 2018 మార్చిలో సుప్రీంకోర్టు తన తీర్పులో ఆవేదనతో చెప్పింది. పింఛను, ప్రమాద సాయం, ప్రసూతి సాయం ముందుండాలి, అందులో రాజీ లేదు. అవి ఇచ్చాక కూడా అంత సొమ్ము మురిగిపోతుంటే, కూలి నష్టపోకుండా నేర్పడానికి డబ్బు లేదనే మాట నిలవదు.

నేర్చుకున్నవాడు ఎక్కువ కూలి అడుగుతాడు, ఇల్లు ఖరీదవుతుంది అన్నది ఇంటి యజమానుల భయం. అడుగుతాడు, అడగాలి. కానీ పక్కా లెక్క వేయండి. కారుతున్న స్లాబుకు పైన పూసే మందు, ఊడిన పెచ్చులకు మళ్లీ ప్లాస్టరింగ్, బయటపడిన రాడ్లకు మరమ్మతు, వీటన్నిటికీ అయ్యే ఖర్చు కట్టేటప్పుడు మిగిల్చిన కూలికి ఎన్నో రెట్లు. ఇక పెద్ద టవర్లలో అల్యూమినియం షట్టరింగ్ వచ్చింది, రెడీమిక్స్ వచ్చింది, మేస్త్రీలతో ఇంకేం పని అంటారు. ఊళ్లలో, చిన్న పట్టణాల్లో ఇల్లు ఇప్పటికీ మేస్త్రీయే కడుతున్నాడు. తెలంగాణలో 5 లక్షల రూపాయల సాయంతో కడుతున్న ఇందిరమ్మ ఇళ్లూ ఆ చేతుల మీదుగానే లేస్తున్నాయి. రెడీమిక్స్ లారీ వచ్చిన చోట కూడా నీళ్ల పైపు పట్టుకునే చెయ్యి ఒకటుంటుంది. ఇంటిసాయం ఇచ్చే ప్రభుత్వమే, ఆ ఇంటినే బడిగా చేసి, ఊరికి నలుగురు మేస్త్రీలకు, ఇద్దరు ఆడకూలీలకు నేర్పితే ఇల్లూ గట్టిపడుతుంది, ఊరికి పనిమంతులూ మిగులుతారు.

చివరి అభ్యంతరం నేనే వేసుకోవాలి, అదే అన్నిటికన్నా బరువైనది. కారణం తెలిసిన పనివాడు మాత్రం ఏం చేయగలడు? కవర్ బ్లాకులు తెప్పించనిది కాంట్రాక్టరు, చీకటి పడేలోగా స్లాబు అయిపోవాలన్నది యజమాని. వద్దని చెబితే రేపు పని ఉండదు. నిజమే, తెలివి ఒక్కటే ధైర్యం ఇవ్వదు. అందుకే శిక్షణకు కూలి మెట్టును ముడిపెట్టాలంటున్నాను. ప్రభుత్వ పనుల టెండర్లలో ఇంతమంది శిక్షణ పొందిన మేస్త్రీలు ఉండాలని షరతు పెట్టి, వాళ్లకు పై మెట్టు కూలి రాసిస్తే, వాళ్ల మాటకు బరువు వస్తుంది. స్లాబు రోజున కొలత పాత్ర అతని చేతిలో ఉండాలి, ఇన్ని నీళ్లే పోయాలని చెప్పే అధికారం అతనికి ఉండాలి. మన వంతుగా చేయాల్సిందీ ఒకటుంది. ఇల్లు కట్టించేవాళ్లం మేస్త్రీని చదరపు అడుగుకు ఎంత తీసుకుంటావని అడుగుతాం. దానితోపాటు బస్తాకు ఎన్ని నీళ్లు పోస్తావని కూడా అడుగుదాం. సరిగ్గా జవాబు చెప్పినవాడికి ఓ రూపాయి ఎక్కువ ఇద్దాం, ఎండలో మాలు గట్టిపడిందని పైనుంచి కేక వచ్చినప్పుడు అతని పక్కన నిలబడదాం.