గజానికి గజం

2011 జనవరి 10న లాకియర్ వాగు పొంగి, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో గ్రాంథమ్ అనే చిన్న ఊరిని ముంచెత్తింది. ఆ ఒక్క ఊళ్లోనే 12 మంది చనిపోయారు. ఇకపై ముంపులో ఇళ్లు కట్టొద్దని ఉత్తర్వు ఇవ్వడం ఏ కౌన్సిల్‌కైనా చేతనవుతుంది. అప్పటికే అక్కడ ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్ల సంగతేమిటి? మేయర్ స్టీవ్ జోన్స్ నాయకత్వంలోని లాకియర్ వ్యాలీ కౌన్సిల్ ఊరిని ఆనుకుని మెరక మీదున్న 935 ఎకరాలు కొనేసింది. ముంపు స్థలం తమకిచ్చి, దాదాపు అంతే స్థలం పైన తీసుకోమని జనం ముందు బేరం పెట్టింది.

ఆ బేరంలోని పనితనం చూడండి. వరద మర్నాడు ముంపు స్థలానికి ధర ఎంతని కడతారు? నిన్నటి ధర ఇస్తే ఖజానాకు బరువు, ఇవాళ్టి ధర ఇస్తే యజమానికి అన్యాయం. రూపాయల్లో తెగని ఆ తగవు గజాల్లోకి వచ్చేసరికి తలెత్తే వీలే లేకపోయింది. పైగా పరిహారం సొమ్ము చేతిలో పెడితే తలా ఒక దారి పడతారు. పక్కనే స్థలం ఇస్తే ఇరుగుపొరుగు కలిసే ఉంటారు. బలవంతం లేదు, ఇష్టపడినవాళ్లే మారారు. ప్లాట్ల కేటాయింపు ఆగస్టులో లాటరీతో జరిగింది. వరదల తర్వాత ఏర్పడిన క్వీన్స్‌లాండ్ పునర్నిర్మాణ సంస్థ అనుమతుల జాప్యాన్ని తప్పించింది. డిసెంబరులో తొలి గృహప్రవేశం, ఏడాది తిరగకముందే! మన పునరావాస కాలనీల సంగతి ఎరిగినవాళ్లకు ఈ వేగం విలువ వేరే చెప్పక్కర్లేదు.

ముంపు నుంచి జనాన్ని మెరకకు మార్చడంలో ఆస్ట్రేలియాకు ఇది మొదటి ప్రయత్నమేమీ కాదు. 1810లో గవర్నర్ లక్లన్ మెక్వారీ, హాక్స్‌బరీ నది ఒడ్డు రైతుల కోసం విండ్సర్, రిచ్‌మండ్ సహా ఐదు ఊళ్లకు ఎత్తైన చోట్లు ఎంచాడు. పొలం కింద, ఇల్లు పైన. పొలాన్ని బట్టి ఇంటి స్థలం. దాన్ని పొలం నుంచి విడదీసి అమ్మకూడదు. ఎంత ముందుచూపు! అయినా చాలామంది రైతులు పొలంగట్టు వదిలి రాలేదు.

గ్రాంథమ్‌లోనూ అందరూ కదల్లేదు. స్థలం దక్కినా ఇల్లు కట్టుకునే ఖర్చు ఎవరిది వాళ్లదే. సరైన బీమా లేని కుటుంబానికి అది తలకు మించిన బరువు. ఈ పథకంలో నాకు లోటుగా తోచేది అదొక్కటే: గోడలు లేపడానికి కాస్త ఆసరా కూడా ఆ బేరంలో కలిసి ఉండాల్సింది.