ప్రశ్న అడిగే భాష: స్టాక్ ఓవర్‌ఫ్లో - ఒక పరిశీలన

సాఫ్ట్‌వేర్ వృత్తినిపుణుల సామూహిక అధ్యయనానికి స్టాక్ ఓవర్‌ఫ్లో ప్రసిద్ధ వేదిక. 2008లో జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ దీన్ని ప్రారంభించారు. ఒకరు ప్రశ్న వేస్తారు, తెలిసినవారు సమాధానమిస్తారు, ఇతరులు ఓట్లతో దాని విలువను తేలుస్తారు, అవసరమైతే సవరిస్తారు. ఈ పద్ధతి మన శాస్త్రగ్రంథ వ్యాఖ్యానాల్లోని శంకా సమాధాన రీతిని తలపిస్తుంది. అయితే అక్కడ వ్యాఖ్యాతే శంకను ఊహించి తానే తీరుస్తాడు. ఇక్కడ శంక పనిలో నిజంగా చిక్కుకున్నవారిది. ఈ ప్రక్రియకు బలం అదే.

దీని పరిమితి కూడా ప్రశ్నలోనే ఉంది. పునరుక్తమైన ప్రశ్నలను, అస్పష్టమైన ప్రశ్నలను మూసివేస్తారు. సమాధానాల నాణ్యతకు ఈ నియమం అవసరమే. కానీ కొత్తగా నేర్చుకునేవారికి మొదట లోపించేది స్పష్టంగా అడిగే శక్తే. ప్రధాన వేదికలో ఆంగ్లంలోనే అడగాలి గనుక తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఈ భారం రెట్టింపవుతుంది.

పోర్చుగీసు, రష్యన్, స్పానిష్, జపనీస్ భాషలకు ప్రత్యేక విభాగాలు ఏర్పడ్డాయి; తెలుగుకు లేదు. హైదరాబాదులోని సహోద్యోగులు ప్రోగ్రాంలో వచ్చిన ఎర్రర్‌ను తెలుగులో చర్చించుకున్నా, రాసేటప్పుడు ఆంగ్లానికి మారతారు. ఆ చర్చ తెలుగు వచనంగా నిలవదు. పారిభాషిక పదాల కొరతే ఇందుకు కారణమనడం సమంజసం కాదు. ‘సర్వర్’, ‘లూప్’ వంటి మాటలను తెలుగు వాక్యం ఇప్పటికే ఇముడ్చుకుంది. లోటు పదాలది కాదు, రాసే అలవాటుది. శాస్త్రవచనం నిఘంటువుల్లో పుట్టదు. అడిగిన ప్రశ్నకు తెలుగులో రాసిన సమాధానంతో మొదలవుతుంది.