బృందవాద్యంలో గురుస్మృతి: ఫిలిప్ ఫార్కస్

పాశ్చాత్య వాద్యబృందంలో ఫ్రెంచ్ హార్న్ వాదకుని స్థితి విచిత్రమైనది. గంటను పోలిన వాద్యపు నోరు వెనుకకు తిరిగి ఉంటుంది. వాదకుని కుడిచేయి ఆ నోటిలోనే ఉంటుంది. ధ్వని శ్రోతను నేరుగా చేరక, వెనుక గోడను తాకి వస్తుంది. చుట్ట విప్పితే సుమారు 12 అడుగులుండే గొట్టంలో పైస్థాయి స్వరాలు ఒకదానినొకటి ఒరుసుకొని ఉంటాయి. పెదవి బిగువు వెంట్రుకవాసి సడలినా పొరుగు స్వరం పలుకుతుంది. ఆ తప్పు సభ అంతటికీ వినిపిస్తుంది. ఎందరో వాదకులను వెన్నాడిన ఈ భయాన్ని పరిశీలనకు లొంగే విద్యగా మార్చినవారిలో అమెరికన్ విద్వాంసుడు ఫిలిప్ ఫార్కస్ (1914-1992) ప్రముఖుడు.

షికాగోలో జన్మించిన ఫార్కస్ 1936లో ఆ నగర సింఫనీ ఆర్కెస్ట్రాలో ప్రథమ హార్న్ వాదకుడయ్యాడు. క్లీవ్‌లాండ్, బోస్టన్ బృందాలలో పనిచేసి, మళ్లీ షికాగో చేరి, 1960లో ఇండియానా విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి స్వీకరించాడు. 1956లో వెలువడిన ఆయన గ్రంథం ‘ది ఆర్ట్ ఆఫ్ ఫ్రెంచ్ హార్న్ ప్లేయింగ్’ విద్యార్థులకు పాఠ్యగ్రంథమైంది. ఊదే కొస రెండు వంతులు పైపెదవి మీద, ఒక వంతు కిందిపెదవి మీద ఆనాలన్నది అందులోని ప్రసిద్ధ సూత్రం. సూత్రం చెప్పి ఊరుకోక, నలభైమంది ఉత్తమ వాదకుల పెదవుల తీరును ఛాయాచిత్రాలతో పరిశీలించి 1970లో ప్రకటించాడు. తన మాటకు తానే సాక్ష్యం వెతికే గురువులు అరుదు.

ఇటువంటి ఆచార్యుని స్మరణకు తగిన సంగీతమేది? హార్న్ వాదకుల సమావేశాలలో పదుల సంఖ్యలో వాద్యాలు ఒక్కసారిగా మ్రోగించడం ఆనవాయితీ. ఆ నాదానికి ఒళ్లు పులకరించే మాట నిజమే. అయితే ఆ హోరులో ఎవరి స్వరం జారిందో పక్కవానికైనా తెలియదు. తప్పును దాచుకొనే చోటు శిష్యునికి మిగల్చని గురువుకు అది పూర్ణమైన నివాళి కాజాలదు. తిరువయ్యారులో పంచరత్నాలను వందలమంది కలిసి పాడడంలో ఔచిత్యముంది. అక్కడ అందరిదీ ఒకే వరుస, ఒకే సాహిత్యం. హార్న్ బృందం సంగతి వేరు. అక్కడ నలుగురికి నాలుగు వరుసలు.

షూమన్ 1849లో నాలుగు హార్నులకు, ఆర్కెస్ట్రాకు కలిపి రచించిన ‘కొంజెర్ట్‌ష్ట్యూక్’ వేడుకకు వన్నె తెస్తుంది గాని, చెవి పదేపదే మొదటి హార్న్ సాహసం వైపే పోతుంది. స్మృతిసభకు అంతకంటె తగినది హిండెమిత్ 1952లో రచించిన నాలుగు హార్నుల సొనాటా. అది నెమ్మదిగా నడిచే ఫ్యుగాటోతో మొదలవుతుంది. ఒకరు ఎత్తుకొన్న ఇతివృత్తాన్ని తక్కినవారు ఒకరి తరువాత ఒకరు అందుకోవాలి. తోడు ఆర్కెస్ట్రా లేదు. వేగపు మరుగు లేదు. శ్వాస ఎక్కడ తెగిందో, స్వరం ఎంత నిశ్చయంగా మొదలైందో ప్రతిదీ బయటపడుతుంది.

ఆర్కెస్ట్రా సంప్రదాయంలో ఒకటి, మూడు హార్నులు సాధారణంగా పైస్థాయికి. రెండు, నాలుగు కిందిస్థాయికి. ప్రశంస పైవారికి దక్కుతుంది. కాని మొదటి వాదకుడు నిర్భయంగా పైకి వెళ్లడానికి కింద నిలిచిన స్వరం శ్రుతి తప్పకుండా ఉండాలి. ఫార్కస్ ప్రథమస్థానంలో కూర్చొన్న ఏళ్లన్నిటా ఆ ఆసరా మీద వాయించినవాడే. ఆయన పేరిట జరిగే కచేరీలో విమర్శకుని చెవి ముందుగా నాలుగవ హార్న్ మీద నిలవాలి.