రూటర్ దగ్గర వంతులు

నెట్ నెమ్మదించిందన్న ఫిర్యాదు రాగానే, హాస్టళ్లలోనూ చిన్న ఆఫీసుల్లోనూ రూటర్ చూసుకునేవారికి ముందుగా తోచే ఉపాయం ఒకటుంది. సెట్టింగుల్లోకి వెళ్లి వీడియోకి ఇంత, టోరెంట్‌కి ఇంత, ఆటలకి ఇంత అని రకానికో లిమిట్ పెట్టెయ్యడం. దోషి ఎవరో ముందే తెలిసిపోయినట్టుంటుంది గనక ఆ పని తృప్తినిస్తుంది. చాలాచోట్ల అసలు లోపం మాత్రం అలాగే ఉండిపోతుంది. ఇరుకు లైనును పదిమంది పంచుకునేటప్పుడు ముందు తేల్చాల్సింది ఎవరి వంతు ఎంతన్నది. ఆ వంతులో ఎవరేం చూసుకుంటారన్నది రూటర్‌కి సంబంధించిన విషయం కాదని నా వాదన.

మాట తెగిపోతున్న కాల్‌నే తీసుకుందాం. జి.711 పద్ధతిలో గొంతుకి పట్టేది సెకనుకి 64 కిలోబిట్లు. హెడర్లు కలిపినా వంద దాటదు. 10 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న లైనులో అది నూరోవంతు కూడా కాదు. అంత చిన్న ప్రవాహం ఎందుకు చిక్కుకుంటుంది? పక్కగదిలో ఎవరో ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటారు. లైను మోయలేనన్ని ప్యాకెట్లు వచ్చేసరికి మోడెమ్ వాటిని బఫర్‌లో పేర్చుకుంటుంది. ఆ బఫర్ ఒక మెగాబైటు అనుకుంటే, నిండిన బఫర్ ఆ వేగంతో ఖాళీ అవడానికి 0.8 సెకను పడుతుంది. కాల్ ప్యాకెట్ ఆ వరస చివర నిలబడాలి. అడిగిన ప్రశ్న అవతలికి చేరడానికే అంతసేపు పడితే సంభాషణ సాగదు. బ్యాండ్‌విడ్త్ చాలినంత ఉంది, కాలమంతా క్యూలో పోయింది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. స్విచ్‌కి అంతులేని నిల్వ ఉన్నా రద్దీ తీరదని జాన్ నేగల్ 1985లోనే ఆర్‌ఎఫ్‌సి 970 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో చూపించి, పంపేవారు ఒక్కొక్కరికీ విడి క్యూ పెట్టి వంతులవారీగా వదలమన్నాడు. మెమరీ చౌకయ్యాక పరికరాల్లో బఫర్లు పెరుగుతూ పోయాయి. 2012లో కేథలీన్ నికోల్స్, వాన్ జాకబ్‌సన్ ‘కోడెల్’ తెచ్చారు. క్యూలో ఎన్ని ప్యాకెట్లున్నాయన్న లెక్క దానికి అక్కర్లేదు. ఒక్కో ప్యాకెట్ ఎంతసేపు ఆగిందో చూసి, ఆ ఆలస్యం 5 మిల్లీసెకన్ల పైనే కొనసాగుతుంటే కొన్నిటిని డ్రాప్ చేస్తుంది. దానికి వంతుల పద్ధతి తోడైన ఎఫ్‌క్యూ-కోడెల్ 2018లో ఆర్‌ఎఫ్‌సి 8290గా వచ్చింది. ఇది టోరెంట్, ఇది వీడియో అన్న ఎరుక లేకుండానే అది పనిచేస్తుంది.

రకాన్ని బట్టి అడ్డుకుంటే ఏమవుతుందో అమెరికాలో కామ్‌కాస్ట్ ఉదంతం చెబుతుంది. ఆ సంస్థ బిట్‌టోరెంట్ అప్‌లోడ్‌లను ఆపడానికి, అవతలివారే కనెక్షన్ తెంచుకున్నట్టుగా నకిలీ రీసెట్ ప్యాకెట్లు పంపుతోందని 2007లో బయటపడింది. ఆ అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు పరీక్షగా బైబిల్ ప్రతిని పంపి చూస్తే దానికీ అడ్డు తగిలింది. 2008 ఆగస్టులో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దీన్ని తప్పుపట్టింది. 2010లో అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కోర్టులో ఎవరు గెలిచారన్నదాని కన్నా ఆ సంస్థ ఇంజనీర్లు ఈలోగా చేసిన పనే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. 2008 చివరికల్లా ప్రోటోకాల్‌తో నిమిత్తం లేని ఏర్పాటుకు మారి, దాని వివరాలను తర్వాత ఆర్‌ఎఫ్‌సి 6057లో ప్రచురించారు. ఒక ప్రాంతపు లైను నిండబోతున్నప్పుడు మాత్రమే, పదిహేను నిమిషాలుగా తన వేగంలో 70 శాతానికి మించి వాడుతున్న చందాదారు ట్రాఫిక్‌ను ఒక మెట్టు దించేవారు. వాడకం 50 శాతం లోపుకి వచ్చి నిలిచాక మళ్లీ పైకి తెచ్చేవారు. ఏం వాడుతున్నావని అడిగేవారు కాదు. లక్షల ఇళ్ల నెట్‌వర్క్‌కి సరిపోయిన న్యాయం రెండొందల మంది ఉండే హాస్టల్‌కి ఎందుకు సరిపోదు?

పైగా రకాన్ని గుర్తుపట్టడమే ఇప్పుడు కష్టం. కాలువకి నీళ్లు తక్కువైన ఏడు వరి వెయ్యొద్దు, ఆరుతడి పంటలే వెయ్యండని అధికారులు చెప్పగలుగుతారు, ఎందుకంటే చేలో ఏముందో కంటికి కనిపిస్తుంది. రూటర్‌కి ఆ వీల్లేదు. ఒకప్పుడు పోర్ట్ నంబరు చూసి 25 అయితే మెయిల్, 80 అయితే వెబ్ అనుకోగలిగేది. ఇప్పుడు చాలా భాగం 443 మీదే, ఎన్‌క్రిప్షన్ ముసుగులో నడుస్తోంది. 2021లో ప్రమాణంగా వచ్చిన క్విక్ ప్రోటోకాల్ అయితే రవాణా వివరాలను కూడా చాలావరకు దాచేస్తుంది. ఒకవేళ గుర్తుపట్టినా ఒరిగేదేమిటి? యూట్యూబ్‌లో గ్రూప్స్ పాఠం వింటున్న అభ్యర్థీ సినిమా చూస్తున్న కుర్రాడూ రూటర్ లెక్కలో ఒక్కటే. వీడియోకి కోత పెడితే ఇద్దరికీ పడుతుంది.

కోత పెట్టే తీరులోనూ తేడాలున్నాయి. హద్దు మీరిన ప్యాకెట్‌ను అక్కడికక్కడే పారేస్తే పోలీసింగ్, కాస్త ఆపి పంపితే షేపింగ్. గూగుల్, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 27,000 కోట్ల ప్యాకెట్లను పరిశీలించి 2016 సిగ్‌కామ్ సదస్సులో చెప్పిందేమంటే, పోలీసింగ్‌కి గురైన చోట ప్యాకెట్ నష్టం సగటున ఆరు రెట్లు ఎక్కువ. లోపలికి వచ్చే ట్రాఫిక్‌లో ఇది మరీ వృథా. మన రూటర్ చేతికి అందేసరికే ఆ ప్యాకెట్ ఇరుకు లైను దాటి వచ్చేసింది. పారేస్తే మళ్లీ అదే లైను మీదుగా రావాలి. కోడెల్ కూడా ప్యాకెట్లను పారేస్తుంది కదా అనవచ్చు. నిజమే, కానీ పంపేవారికి వేగం తగ్గించమని సంకేతం ఇవ్వడానికి చాలినన్నే.

ఈ వాదనకి గట్టి అభ్యంతరం ఒకటుంది. కనెక్షన్‌కి ఒక వంతు అంటే, టోరెంట్ పెట్టినవాడు యాభై కనెక్షన్లు తెరిచి యాభై వంతులు పట్టుకుపోతాడు. ఎఫ్‌క్యూ-కోడెల్ విషయంలో ఇది ఒప్పుకోవాల్సిందే. అందుకే లైనక్స్ 4.19లో చేరిన ‘కేక్’ ముందు ఒక్కో పరికరానికి వంతు కట్టి, ఆ తర్వాతే దాని కనెక్షన్ల మధ్య పంచగలదు. ఆఫీసు ఫోన్లకి ప్రత్యేక ప్రయారిటీ వద్దా అనేది రెండో ప్రశ్న. ఉండాలి. ఆ ఫోన్లు ఆఫీసువే, వాటికెంత కావాలో లెక్క తెలుసు. అలాగే సీసీ కెమెరాల బ్యాకప్‌ను రాత్రికి నెట్టడం కూడా సబబే. తన ట్రాఫిక్‌కి తాను రకాన్ని బట్టి హద్దు పెట్టుకోవడం యజమాని హక్కు, ఇతరుల అవసరాలకి వెల కట్టడం వేరు. మన దేశంలో 2018లో ఆమోదం పొందిన ట్రాయ్ సిఫార్సులు కూడా సర్వీసు ఇచ్చే సంస్థలకి సహేతుకమైన రద్దీ నిర్వహణను అనుమతిస్తూనే, కంటెంట్‌ను బట్టి వివక్షను కాదన్నాయి. ఇక రెండొందల మందికి 20 మెగాబిట్లే ఉంటే ఏ పద్ధతీ నెట్‌ను పుట్టించలేదు. అక్కడ పెద్ద ప్లాన్ కొనాల్సిందే.

కొనేముందు చేయదగిన పరీక్ష ఒకటుంది. పెద్ద ఫైలు అప్‌లోడ్ పెట్టి, పక్కనే పింగ్ చూడాలి. ఖాళీ లైనులో 20 మిల్లీసెకన్లున్నది వందల్లోకి ఎగబాకితే జబ్బు క్యూలో ఉన్నట్టే. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ నడిచే రూటర్‌లో ఎస్‌క్యూఎం అనే క్యూ నిర్వహణ సెట్టింగు తెరిచి కేక్ ఎంచుకుని, అసలు వేగంలో 90 శాతం దగ్గర షేపింగ్ పెట్టాలి. అప్పుడే క్యూ మోడెమ్‌లోంచి రూటర్ చేతికి వస్తుంది. పింగ్ ఇంకా దిగకపోతే ఆ అంకెను మరికాస్త తగ్గించి చూడాలి. అప్పటిదాకా వీడియో లిమిట్ జోలికి పోనక్కర్లేదు.