కొలవక ముందే దూకితే

"యాడో చూపిస్తా ఉందిరా నాయనా. నిన్న నేను నిలిపింది ఈడ కాదు" అంటూ అమ్మ ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. పాకాలలో మా ఇంట్లో ఆమె భాగవతం చదువుకోవడానికని, తెరమీద కిటికీలు, బటన్లు గీసిపెట్టే జీటీకే అనే టూల్‌కిట్‌తో నేను రాసిచ్చిన చిన్న ప్రోగ్రాం అది. నిన్న ఆపిన పద్యం దగ్గరే ఇవాళ తెరుచుకోవాలి. ఒకరోజు తెరుచుకుంటుంది, ఇంకోరోజు పది పద్యాలు ముందే ఆగిపోతుంది.

లెక్కలో తప్పుంటే మామూలుగా ప్రతిరోజూ ఒకే తప్పు రావాలి. రోజుకో రకంగా వస్తోందంటే ఏ పని ముందు, ఏది వెనక అన్నది చూడాలి. స్క్రోల్‌బార్ వెనక ఉండే అంకెల్ని క్షణక్షణం ప్రింట్ చేయించాను. పద్యం దగ్గరికి దూకడం అయిపోయాక కూడా పుస్తకం మొత్తం ఎత్తు పెరుగుతూనే ఉంది.

అక్కడ దొరికింది. పెద్ద ఫైలు తెరిస్తే జీటీకే పేరాల ఎత్తులన్నీ ఒక్కసారే కొలవదు. కొలుస్తూ కూర్చుంటే తెర కదలకుండా బిగుసుకుపోతుంది. అందుకే తీరిక దొరికినప్పుడల్లా కొంచెం కొంచెం కొలుస్తుంది. పద్యం నాలుగు వరసల్లో అయిపోవచ్చు, తాత్పర్యానికి పది పట్టొచ్చు, కొలిస్తే గానీ తెలీదు. నేను వాడిన 'స్క్రోల్ టు ఐటర్' అనే ఫంక్షన్ అప్పటిదాకా కొలిచిన మేరకే లెక్కగట్టి దూకుతుంది. జీటీకే డాక్యుమెంటేషన్‌లో ఈ హెచ్చరిక స్పష్టంగానే ఉంది, నేనే చదవలేదు. 'స్క్రోల్ టు మార్క్' అయితే పోవాల్సిన చోటును గుర్తుపెట్టుకుని, కొలతలు అయ్యాక అక్కడికి చేరుస్తుంది. మార్చింది రెండు లైన్లు. వాటికోసం మూడు సాయంత్రాలు పట్టింది.

ఇంకొకటి మిగిలింది. సాయంత్రం వెలుతురు తగ్గేకొద్దీ అమ్మ అక్షరాలు పెద్దవి చేసుకుంటుంది. మా ధర్మవరం రైలు లైను 1,000 మిల్లీమీటర్ల మీటరుగేజి నుంచి 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజికి మారినా పీలేరు స్టేషను ఉన్నచోటే ఉంది. తెరమీది పేరా అట్లా ఉండదు. అక్షరం రెండు పాయింట్లు పెరిగితే చాలు, వరసలు విరిగే చోటు మారి కింది పద్యాలన్నీ జరిగిపోతాయి. చదువుతున్న పద్యం కళ్లముందు నుంచి మాయమైతే డెబ్బై దాటిన మనిషికి అది చిన్న ఇబ్బంది కాదు. మళ్లీ వెతుక్కోలేక పుస్తకం మూసేస్తుంది.

ఇప్పుడు సైజు మారే ముందే తెర పైఅంచున ఉన్న పద్యానికి మార్కు పెట్టి, మారాక దాన్ని మళ్లీ పైఅంచుకే రప్పిస్తున్నాను. నిన్న గజేంద్రమోక్షం నడుమ అమ్మ మూడుసార్లు అక్షరాలు పెంచింది. చదవడం మాత్రం ఎక్కడా ఆపలేదు.